భూరీ నేర్పిన పాఠం

పాల్వంచ నుంచి బూర్గంపాడు వైపు సాగే రహదారికి కొంత లోపలగా, అడవి అంచున మా మదర్సా ఉంది. మూడు వైపులా పత్తి, మిరప చేలు. నాలుగో వైపు టేకుచెట్లు. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు ఖుర్‌ఆన్, హదీసు బోధిస్తున్న నాకు గత వర్షాకాలంలో ఒక పిల్లి నేర్పిన పాఠాన్ని పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవడం నా బాధ్యత అనిపించింది.

ఆ పిల్లి పేరు భూరీ. గోధుమవన్నెది కావడంతో పిల్లలే ఆ పేరు పెట్టారు. వంటగదిలో ఎలుకల బెడద దానివల్లే తగ్గింది. అంతకు మించి, ఇల్లు విడిచి వచ్చి రాత్రివేళ అమ్మను తలచుకొని ఏడ్చే చిన్నారులకు అది ఓదార్పు.

ఆ ఏడు వానలకు ఆవరణలో తుంగ, వయ్యారిభామ మోకాలెత్తు పెరిగాయి. ఒకరోజు వుజూ చేసే చోట కట్లపాము కనిపించింది. కలుపు తీయిద్దామంటే కూలీలందరూ చేలల్లో ఉన్నారు. నేనే దుకాణానికి వెళ్ళి గడ్డి మందు ఇమ్మని అడిగి ఒక సీసా తెచ్చాను. దాని మీద ఏమి రాసి ఉందో చదవలేదు. అసర్ నమాజు తర్వాత ఒక యువకుడు మందు చల్లి, ఆ పంపును వుజూ కుళాయి దగ్గరే కడిగి వెళ్ళాడు. కడిగిన నీరు పక్కనున్న గుంటలో నిలిచింది. నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

రెండు రోజుల తర్వాత భూరీకి వాంతులు మొదలయ్యాయి. నోటి నుంచి చొంగ కారసాగింది. పాలు పోస్తే గిన్నె దాకా వచ్చి, మూతి ఆనించి, వెనక్కి తగ్గేది.

మా పొరుగున ఒక కోయ రైతు ఉన్నాడు. మా పిల్లి తన కోడిపిల్లల వెంట పడుతోందని అంతకుముందు ఒకసారి నాతో మొరపెట్టుకున్నాడు. పైగా పత్తికి పురుగుమందు కొడతాడు. ఈ రెండు సంగతులూ కలిపి నా మనసు క్షణంలో తీర్పు చెప్పేసింది. “ఆయనే ఏదో పెట్టి ఉంటాడు” అని పిల్లల ముందే అన్నాను. మర్నాడు దారిలో ఆయన ఎదురై చేయెత్తి పలకరిస్తే ముఖం తిప్పుకున్నాను.

భూరీని సంచిలో పెట్టుకొని పశువైద్యుని దగ్గరికి వెళ్ళాను. పొరుగువాడు విషం పెట్టాడని చెప్పబోయాను. ఆయన పిల్లి నోరు తెరిచి చూశారు. నాలుక మీద పుండ్లు ఉన్నాయి. “మౌలానా గారూ, ఈ మధ్య మీ ఆవరణలో ఏమైనా చల్లించారా?” అని అడిగారు. నా నోట మాట రాలేదు. సీసా తెమ్మన్నారు. చెత్తకుప్పలో వెదికి తెచ్చాను. దాని మీద పారాక్వాట్ అని ఉంది.

నిర్ణీత పంటల్లో కలుపు నివారణకు అనుమతించిన మందు అది, పిల్లలు తిరిగే పెరటికి కాదు అని ఆయన వివరించారు. దానికి విరుగుడు లేదు. కడుపులోకి పోతే నోటిని, మూత్రపిండాలను, చివరికి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పిల్లి విషం తిననక్కర్లేదు; తడి గడ్డిలో నడిచి పాదాలు నాక్కున్నా, ఆ గుంటలో నీళ్ళు తాగినా చాలు. “అయితే నాలుక మీద పుండ్లు పిల్లులకు వచ్చే ఒక వైరస్ జబ్బులోనూ వస్తాయి. ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప ఖాయంగా చెప్పలేం. కానీ మొదట అనుమానించవలసింది మాత్రం ఈ సీసానే” అన్నారు.

సెలైన్ ఎక్కించారు, మందులు ఇచ్చారు. ఏడో రోజు ఊపిరి అందక భూరీ చనిపోయింది. పిల్లలే టేకుచెట్టు కింద గొయ్యి తవ్వారు.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం నీళ్ళు పెట్టుకున్నప్పుడు ఒక పిల్లి వస్తే, అది తాగేందుకు వీలుగా పాత్రను వంచారన్న హదీసును నేను ఆ ఏడాది తరగతిలో బోధించాను. పిల్లులు మన చుట్టూ తిరిగే జీవులనీ, అవి అశుద్ధం కావనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆయన ఆ సందర్భంలో గుర్తుచేశారు. భూరీని పూడ్చిన సాయంత్రం ఒక బాలుడు నన్ను అడిగాడు: “హజ్రత్, మన భూరీ కూడా వుజూ దగ్గరి నీళ్ళే తాగిందా?” నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ కుళాయి దగ్గరే రోజుకు ఐదుసార్లు ఆ పిల్లలు నోరు పుక్కిలిస్తారన్న తలపు రాగానే నా కాళ్ళు వణికాయి.

మగ్రిబ్ తర్వాత పొరుగు రైతు ఇంటికి వెళ్ళాను. జరిగింది దాచకుండా చెప్పి, “అన్నా, తప్పుగా అనుకున్నాను, క్షమించు” అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, “నేను పత్తికి మందు కొట్టి పది దినాలైంది సాబ్. నా కోళ్ళు గూడ మీ పంపు కాడికే వస్తయి. ఆ గుంట జర పూడ్పించండి” అన్నాడు. నిందించలేదు. నేనే ఆయనకు హాని చేయబోయి, ఆయన మీద నింద వేశాను. ఏ వార్త వచ్చినా నిర్ధారించుకోండని, అతిగా అనుమానించకండని హుజురాత్ సూరా మనల్ని ఆదేశిస్తోంది. దాన్ని కంఠస్థం చేయించిన నేనే ఆ ఆదేశాన్ని మరిచాను. మర్నాడు పిల్లలందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. వారి ముందు వేసిన నిందను వారి ముందే తొలగించాలి కదా!

ఈ మందును యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2007 నుంచి అనుమతించడం లేదు. మన దేశంలో కేరళ 2011లో నిషేధించింది. శ్రీలంక దశలవారీగా తొలగించింది. మన పల్లెల్లో మాత్రం అది ఇంటి మూలన, నూనె సీసా పక్కనే కనిపిస్తుంది. క్షణికావేశంలో దాన్ని తాగినవారి కుటుంబాల దుఃఖం పిల్లి దుఃఖంతో పోల్చదగినది కాదు. అందుచేత అది ఇంట్లో లేకుండా ఉండటమే మేలు.

ఇంటి ఆవరణలో కలుపును చేత్తోనో కొడవలితోనో తీయండి. తప్పక మందు వాడవలసి వస్తే చీటీ చదవండి. మందు పూర్తిగా ఆరేవరకు పిల్లలను, జంతువులను దూరంగా ఉంచండి. నీటి దగ్గర పంపు కడగకండి. ఖాళీ సీసాను మరి దేనికీ వాడకండి. జంతువు ఒంటికి మందు అంటితే చేతులకు తొడుగులు వేసుకొని సబ్బునీటితో కడగండి, నాక్కోనివ్వకండి. ఉప్పునీళ్ళో నూనెో పోసి వాంతి చేయించకండి. సీసాతో సహా వెంటనే పశువైద్యుని దగ్గరికి వెళ్ళండి.

మేము గుంటను మట్టితో పూడ్చాం. ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం నేనూ పెద్ద పిల్లలూ కొడవళ్ళు పట్టుకొని గడ్డి కోస్తాం. పొరుగు రైతు దాన్ని తన మేకలకు తీసుకెళతాడు.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించిన మనిషి మన్నింపు పొందాడని, పిల్లిని ఆకలితో బంధించిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపారు. నేను భూరీని బంధించలేదు, కొట్టలేదు. కేవలం అజాగ్రత్తగా ఉన్నాను. ఆ అజాగ్రత్తకు కూడా జవాబు చెప్పుకోవలసిన రోజు ఒకటి ఉంది. అల్లాహ్ నన్ను మన్నించుగాక! నోరులేని ప్రాణుల పట్ల దయను, పొరుగువారి పట్ల సదభిప్రాయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.