అరోరా నుంచి షికాగోకి

షికాగో శివార్లయిన అరోరా, నేపర్‌విల్‌లలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లకి వెంకటేశ్వరుడి గుడి దారి కొట్టినపిండి. షికాగో ఊసెత్తితే మాత్రం "అమ్మో, తుపాకులు!" అంటారు. తుపాకుల మాట అబద్ధం కాదు. కానీ కాల్పులు ఎక్కువగా పీడించేది ఊరికి దక్షిణ, పశ్చిమ దిక్కుల్లోని కొన్ని పేటల్ని. ఆ భయాన్ని నిజంగా మోసేది అక్కడ కాపురముండేవాళ్లు, శనివారం చుట్టపుచూపుగా వెళ్లే మనం కాదు.

అరోరాలో మెట్రా రైలెక్కితే యూనియన్ స్టేషన్. అక్కణ్ణుంచి ఆడమ్స్ వీధి వెంట తూర్పుకి నడిస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893లో వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. (ఆయన ఫొటో మన హాల్లో ఉంటుంది, ఆ చోటికి మాత్రం వెళ్లం.) జాగ్రత్తంటారా, ఫోను జేబులో, కళ్లు దారి మీద: హైదరాబాద్ కోఠిలో తిరిగినవాళ్లకి ఇది కొత్తా? రాత్రిపూట రైల్లో ఖాళీ పెట్టె మాత్రం నేనూ ఎక్కను, జనమున్న పెట్టె చూసుకుంటాను.