రచనానందము

కళవలన కలుగు ఆనందమును గూర్చి మన ఆలంకారికులు తరగని విచారము చేసియున్నారు. అయితే వారి దృష్టి ఎక్కువగ సహృదయునిమీదనే నిలిచినది. కావ్యమును చదువువానికి, నాటకమును చూచువానికి రసానుభూతి ఎట్లు కలుగునో వారు సూక్ష్మముగ నిరూపించిరి. చేయువానికి, చేయుచున్నంతసేపు, ఏమి దక్కునన్న ప్రశ్నకు అంత చోటీయలేదు. మమ్మటుడు కావ్యప్రయోజనములను లెక్కించుచు కీర్తిని, ధనమును మొదట చెప్పెను. ఆ రెండును పని ముగిసిన పిదప వచ్చు ఫలములు. పని నడుచుచుండగా కలుగు సుఖము వేరు. తాను చేసినదానిని కంటితో చూచుకొను భాగ్యము కూడ లేని కర్తకు ఆ సుఖము మిగులునా? బినోద్ బిహారీ ముఖర్జీ జీవితమున ఈ ప్రశ్న ఊహకు సంబంధించినది కాక, నిత్యానుభవమునకు సంబంధించినదయ్యెను.

ఆయన 1904లో కలకత్తా చెంతనున్న బెహాలాలో జన్మించెను. పుట్టుకనుండియు ఒక కంటికి చూపు లేదు. రెండవకంటి చూపు మిక్కిలి హ్రస్వము. శాంతినికేతనమందలి కళాభవనమున చేరినప్పుడు, ఇట్టి బాలుడు చిత్రకారుడెట్లు కాగలడని గురువైన నందలాల్ బోసు సందేహించెను. రవీంద్రుడు మాత్రము, పిల్లవాడు శ్రద్ధతో కూర్చుండి పని చేయుచున్నాడా యని అడిగి, చేయుచున్నచో వానిని కదపవద్దని చెప్పెనట. భవిష్యత్తును గూర్చి గురువునకు కలిగిన చింత సహజమైనదే. కాని రవీంద్రుడు చూచినది ఆనాటి పనిని.

1946, 1947 సంవత్సరములలో బినోద్ బిహారీ హిందీభవనపు గోడలమీద మధ్యయుగపు సంతుల జీవితమును చిత్రించెను. తడియారని సున్నపుపూతమీద రంగు వేయు పద్ధతి అది. దాని నిర్బంధము పని చేసినవారికే తెలియును. ఆనాడు ఎంతమేర వ్రాయగలరో అంతమేరకే గోడకు కొత్తపూత పూయవలెను. పూత ఆరకముందే రంగు పడవలెను. సున్నము గట్టిపడుచు ఆ రంగును తనలో బిగించుకొనును. తప్పు పోయినచో ఆ భాగమును చెక్కివేసి మరల పూయవలసినదే. తడిమీద ముదురుగ తోచిన వర్ణము ఆరినపిదప తేలికపడును గనుక, కంటికి కనబడుచున్న రంగును సయితము నమ్మరాదు.

ఇంతటి పనికి పూనుకొనువారు సాధారణముగ గోడయంతటి నమూనాను ముందే వ్రాసి, దాని రేఖలను గోడమీదికి దించుకొందురు. బినోద్ బిహారీ అట్లు చేయలేదు. చిన్న చిత్తుచిత్రములను మాత్రము ఆధారముగ గైకొని, గోడమీద నేరుగ కుంచె నడపెను. ఎడముగ నిలిచి మొత్తమును సరిచూచుకొనుటకు చూపు చాలదు. గోడకు ముఖమానించినంత దగ్గరనుండి, ఒక ఆకృతి ముగిసినచోటనే వేరొక ఆకృతిని ఎత్తుకొనుచు, మూడు గోడల పొడవున జనప్రవాహమును నడపెను. కబీరు, సూరదాసు, తులసీదాసు, గురుగోవిందుడు ఆ ప్రవాహమున పామరజనముతో కలిసి నడచుచుందురు. ఆ చిత్రమున నదివంటి నడక యున్నదన్నచో, అది ఆయన చూపుకొరతకు ఋణపడినదనుట అతిశయోక్తి కాదు. ముందున్నది కనబడనప్పుడు చేయి ప్రతి రేఖయందును మేలుకొని యుండవలెను. (సూరదాసును అంధకవిగ లోకమెరుగును. ఆయన రూపమును వ్రాసిన చేయి పదియేండ్లు తిరుగకముందో, తిరిగినపిదపనో అంధుని చేయి అయినది. ఇందు దైవసంకేతమును వెదకువారు వెదకుదురు గాక. చిత్రకళకు దానితో పని లేదు.)

1949లో శాంతినికేతనమును విడిచి నేపాళమున, పిదప రాజస్థానమున, ముస్సోరీయందు కొంతకాలము గడపెను. 1957లో కంటికి జరిగిన శస్త్రచికిత్స విఫలమై, ఉన్న కొద్దిచూపును పోయెను. మరుసటి యేడు శాంతినికేతనమునకు మరలివచ్చి, తాను చూడజాలని చిత్రముల చరిత్రను విద్యార్థులకు బోధింపసాగెను. పని మానలేదు. 1972లో కళాభవనపు గోడమీద పింగాణీపలకలతో కుడ్యచిత్రమును నిర్మింపజేసెను. పూర్వశిష్యుడైన సత్యజిత్ రాయ్ ఆ సంవత్సరమే ఆయనపై తీసిన లఘుచిత్రమున ఆ పనిని నేటికిని చూడవచ్చును.

ఇది అలవాటుపడిన చేతికి కాలక్షేపము మాత్రమేనని శంకించువారుండవచ్చును. ఆ శంక తేలికగ త్రోసివేయదగినది కాదు. చూపు పోవుట దుఃఖము. దానిని వరమని పొగడువారు కన్నులున్నవారే. బినోద్ బిహారీ అట్లు పొగడలేదు. అంధత్వమును ఒక నూతనానుభవముగ, నూతనస్థితిగ పేర్కొనెను. అలవాటు పాతదానినే మరల చేయించును. ఆయన పనిముట్లనే మార్చుకొనెను.

కలముతో గీచిన గీత వ్రేలికి దొరకదు. ఎక్కడ మొదలిడెనో, ఎక్కడ విడిచెనో జ్ఞాపకము చెప్పవలసినదే. అట్లును ఆయన గీతలు గీచెను. మైనముతో బొమ్మలు చేసినప్పుడు రూపము అరచేతిలోనే నిలిచెను. రంగుకాగితములను చేపట్టినప్పుడు మరియొక మార్గము తెరచుకొనెను. కాగితపు రంగును వ్రేలు ఎరుగదు; అది పరుల నోట వినవలసినదే. కాని కత్తిరించిన అంచు వ్రేలికి తెలియును, మడత తెలియును, ఒక ముక్కపై వేరొక ముక్క పడినచోటి మందము తెలియును. ఎర్రనిదని విన్నదానిని, చిన్ననాటనుండి కూడబెట్టుకొన్న ఎరుపుల జ్ఞాపకముతో కలిపి, పచ్చనిదని విన్నదాని ప్రక్కకు జరుపవలెను. సరిపడినదో లేదో కన్ను చెప్పదు. ముక్కను మరికొంత జరిపి, అంచువెంట వ్రేలు మరల నడపి చూడవలెను.