పెడన పట్టణము

మహానగరముల చరిత్రములు వ్రాయువారు పెక్కండ్రు కలరు. పల్లెటూళ్ల సౌందర్యమును వర్ణించు కవులకును కొదువ లేదు. ఈ రెంటికి నడుమనుండు చిన్న పురపాలక పట్టణములను గూర్చి వ్రాయువారే అరుదు. పల్లెయని యెవరును ముద్దు చేయరు. నగరమని యెవరును గౌరవింపరు. పెడన యట్టి యూరు. మన విద్యార్థులలో ననేకులు బందరు పోవునపుడు రైలు కిటికీలోనుండి ఆ స్టేషను పేరు చదివియుందురు గాని దిగినవారు మిక్కిలి కొద్దిమంది. ఉపాధ్యాయ శిక్షణము ముగించిన పిమ్మట నేను మొట్టమొదట మూడు సంవత్సరములు పాఠములు చెప్పినది అచ్చటనే యగుటచే, ఆ యూరిని మన చదువరులకు పరిచయము చేయ సాహసించుచున్నాను.

విజయవాడనుండి గుడివాడ మీదుగా సుమారు 70 కిలోమీటర్లు పోయినచో పెడన వచ్చును. అచ్చటికి మచిలీపట్నము పది కిలోమీటర్ల దూరము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ పట్టణపు జనసంఖ్య ముప్పదివేల చిల్లర. చుట్టును వరిచేలు, వాని నడుమ కాలువలు, ఊరిలో నొక బజారు, బియ్యపు మరలు, గుడులు, మసీదులు, చర్చిలు. ఇంతవరకు డెల్టాలోని యే పట్టణమునకైనను ఈ వర్ణనయే చాలును. కాని వీథులలోనికి పోయి చెవియొగ్గినచో భేదము తెలియును. ఇంటింట నేలలో త్రవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండి నేయువాని మగ్గపు చప్పుడు ఒక ప్రక్క. తడిగుడ్డపై కొయ్య అచ్చును మోపి పిడికిటితో గ్రుద్దు చప్పుడు మరియొక ప్రక్క. నేను అచ్చట నున్న కాలమున, బడి గంటకంటె ముందుగా నన్ను మేల్కొల్పినవి ఈ రెండు చప్పుళ్లే.

అద్దకపు పనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఇది చూచుటకు ఆటవలె నుండును గాని నిజమునకు రసాయనశాస్త్రమే. ముందుగా గుడ్డలోని గంజి పోవునట్లు నానబెట్టి ఉదికి ఎండవేయుదురు. పిమ్మట కరక్కాయ పొడి కలిపిన నీటిలో ముంచుదురు. అప్పుడు గుడ్డ లేత పసుపు వన్నెకు తిరుగును. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో దినములకొలది ఊరవేసి తీసిన ద్రవమును అచ్చుతో అద్దినచో, అది కరక్కాయలోని వగరుతో కలిసి క్షణములో కారునలుపగును. ఎఱుపు సంగతి యింకను వింతయైనది. ఎఱుపు రావలసినచోట అద్దునది ఎఱ్ఱరంగు కాదు, పటిక నీరు. దానికి తనదైన వన్నె లేదు. ఆ గుడ్డను పారునీటిలో జాడించి, ఎఱ్ఱరంగు కలిపిన నీటిలో నిడి కాచుదురు. పటిక యున్నచోట రంగు పట్టి నిలుచును. లేనిచోట పట్టినది ఉతుకునకును ఎండకును పోవును. ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క అచ్చు వలయును. టేకు కొయ్యపై తీగలను, పువ్వులను, చిలుకలను చెక్కువారు వేరు, అద్దువారు వేరు. మొదటి అచ్చు పడినచోటనే రెండవ అచ్చు పడవలెను. గీతబద్ద లేదు, కొలత లేదు. కన్నును చేయియును తప్ప వేరు సాధనము లేదు. మా తరగతిలో రేఖాగణితమున మార్కులు రాని బాలుడొకడు ఇంట ఈ పని చేయుచుండగా చూచి, నా పాఠ్యపుస్తకమును గూర్చి నాకు సందేహము కలిగినది.

ఈ విద్యను లోకము కలంకారీ యనును. పారసీక భాషలో కలమనగా లేఖిని, కారీ యనగా పని. శ్రీకాళహస్తిలో నిజముగా కలముతోనే పురాణగాథలు చిత్రింతురు. పెడనలో కలము లేకయే కలంకారీ సాగుచున్నది! ఈ పేరును, ఆ తీగల అల్లికయును గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున బందరు రేవునకు వచ్చిన పారసీక వర్తకుల సంబంధము వలన కలిగినవి. 1606లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును బందరున వర్తకశాలలు పెట్టుకొనిరి. ఈ తీరపు గుడ్డలను తూర్పు ద్వీపములకు కొనిపోయి, వానికి బదులుగా లవంగములు, జాజికాయలు తెచ్చుకొనెడివారు. కోరమండలపు బట్టలు మదరాసు మీదుగా ఫిలిప్పీను ద్వీపములలోని మనీలావరకు పోయినవి. ఐరోపాలో ఈ అద్దకపు గుడ్డలపై ఎంతటి మోజు పుట్టెననగా, అచ్చటి నేతగాండ్రు మొఱపెట్టుకొనగా ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించెను. ఇంగ్లండు పార్లమెంటు 1700లో దిగుమతిని, 1721లో ధరించుటను సైతము మాన్పుచు చట్టములు చేసెను. నేడు యంత్రపు గుడ్డకు వెఱచుచున్న మన అద్దకపువారిని చూచి, ఒకనాడు లండను నేతగాండ్రు వెఱచిరని చెప్పిన, మా పిల్లలు మొదట నమ్మలేదు.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పెదను. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మరణించిరి. రేవు మరల పూర్వవైభవమును పొందలేదు. అదే కాలమున, 1868లో, జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు ఎఱుపును ప్రయోగశాలలో తయారుచేయుట కనిపెట్టిరి. దానిపేరు అలిజరిన్. ఇసుకనేలలలో త్రవ్వి తీసెడి మన చిరువేరునకు దానితో గిరాకి పోయెను. నేడు పెడనలో ఎఱుపునకు ఎక్కువగా వాడునది ఆ అలిజరినే.

ఇచ్చట నాకొక చిన్న ఫిర్యాదు కలదు. భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద ఈ అద్దకమునకు రక్షణ లభించినది, సంతోషమే. కాని ఆ పేరు మచిలీపట్నము కలంకారీ. పని ఎక్కువగా జరుగునది పెడనలో, పేరు బందరుది. చిన్న ఊళ్ల గతి యింతే కాబోలు. పెడనవారితో ఈ మాట అన్నచో వారు నవ్వి, “బందరు లడ్డు బందరుకే ఉండనిండు మాస్టరుగారూ, గుడ్డయైన మాకు వదలుమనుడు” అందురు.

పేరుకంటె బాధించునది నకలు. యంత్రముపై క్షణములో అచ్చొత్తిన గుడ్డను కలంకారీయని తక్కువ ధరకు అమ్ముచున్నారు. కొనువారు భేదము తెలిసికొనుట కష్టము కాదు. గుడ్డను తిరుగవేసి చూడుడు: చేతి అద్దకమైనచో రంగు వెనుకకును దిగియుండును, అచ్చునకు అచ్చునకు నడుమ వెంట్రుకవాసి ఎడమో, అతుకో కానవచ్చును. ఆ లోపమే దానికి సాక్ష్యము.

మా బాలుని సంగతి చెప్పితిని గదా. వాని తండ్రి యొకనాడు బడికి వచ్చి, “అయ్యా, వీడు సెలవునాడు అచ్చు పట్టుకొన్నను మీరు కోప్పడవలెను. ఈ పని వానికి వద్దు” అనెను. అట్లనిన యతడే ఆ వీథిలో ఉత్తమమైన పనివాడు. కూలి చాలదనియు, వానకాలమున గుడ్డ ఆరక పని నిలిచిపోవుననియు, అప్పు తీరదనియు చెప్పెను. ప్రక్కనున్న బాలుడు తన వ్రేళ్లకంటిన నలుపును చొక్కా అంచుతో తుడుచుకొనుచుండెను. నేను కోప్పడుదునని మాట ఈయలేదు. పని నేర్పుమనియు చెప్పలేదు. చదువు విషయమై మాత్రము నేను చూచుకొందునంటిని. వాడు చదువుకొని హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. తండ్రి ఇంకను అద్దుచునే యున్నాడు, కాని రెండవ అచ్చు అందించు చేయి పరాయివానిది.

గత వేసవిలో నేను అతనిని చూడబోయితిని. కాలువలో నీరు లేదు. కృష్ణకు 1852-1855 నడుమ కట్టిన ఆనకట్ట తరువాత, 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి తలుపులను బట్టియే తూర్పు డెల్టా కాలువలలో నీరు నడచును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. సముద్రము దగ్గరగుటచే బోరునీరు ఉప్పన. కదలని నీటిలో జాడించినచో ఊడిన పటిక పారిపోక గుడ్డయంతయు ప్రాకును. అతడు రెండు గుడ్డలు నా ముందు పఱచెను. ఒకటి కాలువ పారునప్పుడు ఉదికినది, రెండవది తొట్టినీటిలో ఉదికినది. మొదటిదానిలో ఎఱుపు దానిమ్మపువ్వువలె నుండెను. రెండవదానిలో తెల్లగా నుండవలసిన చోటనెల్ల మసక. “నీళ్లు వచ్చినపుడును మీ బెజవాడ చెత్త కొంత కలిసియే వచ్చును, మాస్టరుగారూ” అని అతడు నిందలేని గొంతుతోనే అనెను. మన యింటి ముంగిటినుండి పోవు కాలువలోనికి మనము విసరునది దిగువకు పోయి ఎవరి గుడ్డకు తగులునో నేనదివరకు లెక్కించియుండలేదు.

రాబోవు జనవరి మాసమున, కాలువలు పారుచుండగా, ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులవారిని పెడనకు కొనిపోవ నిశ్చయించితిమి. రైలు ప్రయాణము. అద్దకము స్వయముగా చేసిచూడగోరువారు మరక పడినను చింతలేని చొక్కా తొడిగికొని రావలెను. చేతిగుడ్డ కొలతగల తెల్లని నూలు బట్ట యొకటి తెచ్చుకొన్నచో, గంజి తీసినదైనచో మేలు, దానిపై ఎఱ్ఱపువ్వొకటి అద్దించుకొని రావచ్చును. తల్లిదండ్రులు అనుమతి పత్రములను క్రిస్మసు సెలవులకు ముందుగా తరగతి ఉపాధ్యాయులకు పంప ప్రార్థన.