పరీక్షించే చెయ్యి

కావలి కాయవలసినవాడే కన్నం వేస్తే ఆ ఇల్లు నిలుస్తుందా? ఆపరేటింగ్ సిస్టం నిర్మాణంలో ఇది కేవలం మాటవరుస ప్రశ్న కాదని నాకు స్వానుభవం వల్ల తెలియవచ్చింది.

మాది అర్ధవీడు. అబ్బాజాన్ మార్కాపురంలో పలకల వ్యాపారం చేస్తారు. డిగ్రీ చివరి సంవత్సరంలో నేనొక చిన్న ఆపరేటింగ్ సిస్టం వ్రాయటానికి పూనుకున్నాను. మెమరీని, డిస్కును, కాలాన్ని అన్ని ప్రోగ్రాములకూ పంచి ఇచ్చే మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. ప్రోగ్రాము తప్పు చేస్తే కెర్నెల్ దానిని ఆపగలదు. కెర్నెలే తప్పు చేస్తే ఆపేవారెవరు?

నా కెర్నెల్ మాటిమాటికీ నడుమనే కూలిపోయేది. కారణం తెలుసుకోగోరి, కూలే క్షణంలో దాని స్థితిని డిస్కులో ఒక మూల వ్రాసిపెట్టే డీబగ్గింగ్ కోడు కొన్ని పంక్తులు చేర్చి, ఇంట్లోని పాత కంప్యూటరు మీద నడిపాను. కెర్నెల్ కూలింది. నివేదిక మాత్రం నేననుకున్న చోటికి పోలేదు. డిస్కులో ఎక్కడ వ్రాయాలో చెప్పే సంఖ్య కూడా ఆ మెమరీలోనే ఉన్నది కదా! మెమరీతోపాటు అదీ పాడయింది. నివేదిక వెళ్ళి అబ్బాజాన్ మూడేళ్ళ లెక్కల మీద పడింది.

ఆయన కోపగించలేదు. పాత బిల్లుల కట్టలు ముందు వేసుకొని, "దొంగను పట్టబోయినవాడు ఇంటికి నిప్పు పెట్టి రాకూడదు, బేటా" అన్నారు. ఆ లెక్కలు తిరిగి ఎక్కించటానికి మా ఇద్దరికీ ఒక రంజాన్ మాసమంతా పట్టింది.

ఇట్టి ప్రమాదం విద్యార్థులకే పరిమితం కాదు. 2008లో లినక్స్ 2.6.27 కెర్నెల్‌ను విడుదలకు ముందు పరీక్షిస్తున్నవారి కంప్యూటర్లలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు కొన్ని ఉన్నట్టుండి పనికిరాకుండా పోయాయి. కార్డు తన వివరాలు దాచుకొనే శాశ్వత మెమరీయే చెడిపోయింది. అందరూ మొదట కార్డును నడిపే డ్రైవరును అనుమానించారు. అసలు దోషి కెర్నెల్ నడకను గమనించే ఎఫ్‌ట్రేస్ అనే సాధనమని తరువాత తేలింది. అది తాను మార్చవలసిన ఆజ్ఞల చిరునామాలను ముందుగా గుర్తుపెట్టుకొనేది. ఈలోగా కొన్ని చిరునామాలలోని కోడు తొలగిపోయి, అదే స్థానం కార్డుకు దక్కింది. పాత చిరునామా పట్టుకొని వెళ్ళిన ఎఫ్‌ట్రేస్, "పోల్చి చూచి, సరిపోతేనే మార్చు" అనే ఆజ్ఞను ప్రయోగించింది. సరిపోకపోయినా ఆ ఆజ్ఞ చదివిన విలువను తిరిగి వ్రాస్తుంది. సాధారణ మెమరీలో అందువల్ల హాని లేదు; కార్డు విషయంలో ఆ వ్రాతే ప్రాణాంతకమయింది.

దరిమిలా ఎఫ్‌ట్రేస్‌ను తిరిగి తీర్చిదిద్దారు. ఇప్పుడది మార్చబోయే ముందు అక్కడ తానెదురుచూచిన ఆజ్ఞ ఉన్నదో లేదో చదివి చూస్తుంది. తేడా కనిపిస్తే తన పనిని తానే మానుకుంటుంది. 2004లో లినక్స్‌లో చేరిన కెప్రోబ్స్ మరొక జాగ్రత్త పాటిస్తుంది: తనను నడిపే కోడులోనే తనిఖీ పెట్టనివ్వదు. పెట్టనిస్తే తనిఖీని తనిఖీ చేస్తూ అంతులేకుండా తిరుగుతుంది. 2005లో వచ్చిన కెడంప్‌కు బెంగుళూరు ఐబీఎం ఇంజనీర్లు కూడా కృషి చేశారు. కూలిన కెర్నెల్ మాట నమ్మరాదన్నది దాని సూత్రం. ముందే వేరుగా కేటాయించిన మెమరీలో మరొక కెర్నెల్ సిద్ధంగా ఉండి, మొదటిది కూలగానే లేచి, నివేదికను అదే భద్రపరుస్తుంది. నేను చేయవలసినదీ, చేయనిదీ సరిగ్గా ఇదే.

ఇప్పుడు నా కెర్నెల్‌ను ఎమ్యులేటరులోనే నడుపుతున్నాను. అసలు డిస్కు దాని కంటబడదు. సందేశాలకు మెమరీలో ఒక చిన్న చోటు వేరుచేశాను. అది నిండితే పాతది చెరిగి కొత్తది వ్రాయబడుతుంది, అచ్చంగా మన మార్కాపురం పలక వలె. హద్దు దాటి ఒక్క అక్షరమైనా పోకుండా ప్రతి వ్రాతకు ముందూ సరిచూచుకుంటుంది.

మిత్రులారా! తప్పులు వెదకటం గొప్ప విద్యయే. అయితే వెదికే చెయ్యి తప్పు చేయదన్న నమ్మకమే అన్నింటికంటే పెద్ద తప్పు. అబ్బాజాన్ ఇప్పుడు లెక్కలు కంప్యూటరులోనూ వ్రాస్తారు, కాగితం మీదా వ్రాస్తారు. ఆ రెండవ పుస్తకం చూచినప్పుడల్లా నా తల కొంచెం వంగుతుంది.