బొత్తాం ఉన్న ఒర

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఖరగ్‌పూర్‌లోని మా ఇంట్లో ఇమిడాయి. పెదనాన్న రైల్వే రక్షణ దళంలో సబ్‌ఇన్‌స్పెక్టర్. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్, యూనియన్ మనిషి. బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇక అసలు ఒర ముందుగదిలో మేకుకు వేలాడుతుండేది. పెదనాన్న రిటైరయ్యాక రివాల్వర్ ఎలాగూ ఇంటికి రాలేదు. వాడకం నుంచి తీసేసిన ఆ పాత తోలు ఒర మాత్రం వచ్చింది. పైన మూత, మూతకు చిన్న చీలిక, అందులోంచి బయటికొచ్చి మూతను పట్టి ఉంచే ఇత్తడి బొత్తాం.

చిన్నప్పుడు నాకు దానిమీద చిన్నచూపే. 1971లో వచ్చిన కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ను వీడియో క్యాసెట్‌లో చూసినవాణ్ని. కౌబాయ్ అంటే నా ఊహలో మూతలేని ఒర తొడమీదికి జారి ఉండాలి, చెయ్యి పడీ పడకముందే రివాల్వర్ పేలాలి. పెదనాన్న ఒరలోంచి తియ్యాలంటే బొత్తాం ఊడదీయాలి, మూత ఎత్తాలి, అప్పుడుగానీ పిడి చేతికందదు. ‘‘ఈలోగా దొంగ బాలాసోర్ దాటేయడూ?’’ అని అడిగితే నవ్వేవాడు. ‘‘ఒర తియ్యడానికి కాదురా, ఉంచడానికి’’ అనేవాడు.

ఆయన మాటకు చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. 19వ శతాబ్దం మధ్యనాటి రివాల్వర్లలో మందు, గుండు, క్యాప్ విడివిడిగా కూరేవారు. వానకు తడిస్తే అది పేలదు. గుర్రం దౌడు తీస్తే ఒరలోంచి ఎగిరిపడుతుంది. మూత ఈ రెండు బాధలకూ విరుగుడు. ఇత్తడి తూటాలొచ్చాక తడి భయం తగ్గినా, సైన్యమూ పోలీసులూ మూతను వదల్లేదు. దుమ్ము పడదు, గుంపులో ఎవడో చెయ్యివేసి లాక్కోలేడు. పిడి చివరి రింగుకు కట్టిన తాడు రెండో కాపలా. చెయ్యి జారినా రివాల్వర్ నేలపాలు కాదు. అడ్డ పట్టీతో కూడిన బెల్టుదీ ఇలాంటి కథే. 1858లో భారత సిపాయిల తిరుగుబాటును అణచే పోరులో శాం బ్రౌన్ అనే బ్రిటిష్ అధికారి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటిచేత్తో కత్తి దూసేటప్పుడు ఒర ఊగకుండా కుడి భుజం మీదుగా పట్టీ వేసుకున్నాడు. ఆయన పేరుతోనే ఆ బెల్టు మన పోలీసు అధికారుల యూనిఫామ్‌లోకి చేరింది.

అయితే తోలుకూ ఓ జబ్బుంది. తేమ పీల్చుకుంటుంది. రివాల్వర్‌ను రోజుల తరబడి అందులోనే వదిలేస్తే ఉక్కు తుప్పు పడుతుంది, తూటాల ఇత్తడికి పచ్చని చిలుము పడుతుంది. బెంగాల్ వానాకాలంలో మరీను. అందుకే డ్యూటీ దిగగానే తీసి తుడవాల్సిందే.

ఒరలేని రివాల్వర్లనూ ఈ ప్రాంతం చూసింది. కంసావతి నది అవతలున్న మిడ్నపూర్‌లో 1931, 1932, 1933లలో వరసగా ముగ్గురు బ్రిటిష్ మేజిస్ట్రేట్లు పెడ్డీ, డగ్లస్, బర్జ్ విప్లవకారుల తూటాలకు బలయ్యారు. దాచి తెచ్చే ఆయుధానికి ఒర ఉండదు. బయటికి కనిపించే ఒర ప్రభుత్వానిది. ‘నా దగ్గర ఆయుధముంది, కానీ మూసి ఉంచాను’ అని అది నలుగురికీ చెబుతుంది.

ఆ మాట 1974 మేలో మా ఇంటిదాకా వచ్చింది. మే 8న మొదలై 27 వరకు సాగిన దేశవ్యాప్త రైల్వే సమ్మె అది. వర్క్‌షాప్ గేటు ముందు జనంలో నాన్న, ఎదుట పెదనాన్న. ఎవరో విసిరిన రాయి పెదనాన్న భుజానికి తగిలింది. ఆయన చెయ్యి నడుము మీదికి వెళ్లింది. తర్వాత ఖాళీగా కిందికి దిగింది. తమ్ముణ్ని చూసి ఆగాడని కాలనీలో చాలాకాలం చెప్పుకొన్నారు. చివరి రోజుల్లో పెదనాన్న నాతో వేరేగా చెప్పాడు. ‘‘మీ నాన్నని చూసి చెయ్యి తీసీసేనని అందరూ అనుకుంటారు. కాదురా. ముందు బొత్తాం రాలేదు. తరవాత మీ నాన్న కనపడ్డాడు.’’

రాజ్యమంటే హింస మీద చట్టబద్ధమైన గుత్తాధిపత్యమని మాక్స్ వెబర్ సిద్ధాంతంగా ఎమ్మే క్లాసులో చదువుకున్నాను. ఆ గుత్తాధిపత్యానికి ఓ బొత్తాం కూడా ఉండాలని ఏ పాఠంలోనూ లేదు. ఇప్పటి ప్లాస్టిక్ ఒరల్లో లోపలే తాళం ఉంటుంది. ఇతరులు లాగితే రాదు, పెట్టుకున్నవాడి వేలు పడితే క్షణంలో వస్తుంది. సాయుధుడైన నేరస్తుడు ఎదురైనప్పుడు ఆ క్షణమే పోలీసు ప్రాణం కాపాడుతుందనడంలో సందేహం లేదు. మూత ఒర పట్టుకుని ఉగ్రవాదుల ముందుకు వెళ్లమని ఎవరూ అనరు. కానీ పోలీసు ఎదుట ప్రతిసారీ ఉగ్రవాదే ఉండడు. జీతం అడిగేవాడూ ఉంటాడు, తమ్ముడూ ఉంటాడు. కొత్త ఒర ఇతరుల చేతి నుంచి తుపాకిని కాపాడుతుంది. పాత ఒర సొంత చేతి నుంచి కూడా కాపాడేది.

పెదనాన్న పోయాక ఒర నాన్న గదిలోకి మారింది. ఏటా విశ్వకర్మ పూజనాడు స్పానర్ల పక్కన దాన్నీ పెట్టి, తోలు పగలకుండా నూనె రాస్తాడు. మొన్న నేను సాయం చేయబోతే, మూత చీలిక దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

‘‘అక్కడ రాయకు. అది బిగువుగానే ఉండనీ.’’