ఒరిగిన గుడి

మా ఇంట్లో చర్చి అనే మాట వాడం. గుంటూరు జిల్లాలో, మా ఊళ్ళో ఉండే నాయనమ్మకి అది గుడే. "గుడికెళ్ళి పూజ చూసొచ్చా" అంటుంది. ఇంజనీరింగ్‌లో ఉండగా హాస్టల్లో ఓ ఫ్రెండ్ నవ్వుతూనే అడిగాడు: "ఎవరి గుడి పగలగొట్టి కట్టార్రా మీ గుడి?" నేనూ నవ్వేశాను. ఆ ప్రశ్న మాత్రం పన్నెండేళ్ళుగా నాతోనే తిరుగుతోంది. పోయినేడు డాలస్ నుంచి ఆఫీసు పని మీద మెక్సికో సిటీ వెళ్ళినప్పుడు, నిజంగానే అలా కట్టిన గుడి ముందు నిలబడ్డాను.

సోకలో అనే పెద్ద మైదానం పక్కన ఉంటుంది ఆ కేథడ్రల్. ఒకప్పుడు అది అజ్టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్, సరస్సు మధ్యలో దీవి. 1521లో కోర్తేస్ సైన్యం, తనతో కలిసిన స్థానిక తెగల సాయంతో, ఆ నగరాన్ని కూల్చేసింది. కూల్చిన గుళ్ళ రాళ్ళతో మొదటి చర్చి లేచింది. ఇప్పుడున్న కట్టడం పని 1573లో మొదలై 1813లో ముగిసింది. అంటే 240 ఏళ్ళు. రాళ్ళు మోసిన వాళ్ళలో ఓడిపోయిన వాళ్ళ పిల్లలున్నారు, వాళ్ళ మనవలున్నారు.

1790లో మైదానం చదును చేస్తుంటే అజ్టెక్‌ల సూర్యశిల బయటపడింది. దాన్ని తీసుకెళ్ళి కేథడ్రల్ పడమటి గోపురం గోడకే బిగించారు. 1885 దాకా అది అక్కడే ఉంది.

లోపలికెళితే నేల వాలు కాళ్ళకి తెలుస్తుంది. గుమ్మటం నుంచి, తాపీమేస్త్రి గోడ నిలువు చూసే గుండులాంటిది ఒకటి కిందికి వేలాడుతుంటుంది, కట్టడం ఎంత ఒరిగిందో చూపించడానికి. సరస్సు అడుగునున్న మెత్తటి బంకమట్టి మీద కట్టిన ఊరది. భూగర్భజలం తోడేకొద్దీ నేల కుంగుతోంది. కానీ అంతటా ఒకేలా కాదు. పాత అజ్టెక్ కట్టడాల బరువుకి ఎక్కడ మట్టి ముందే గట్టిపడిందో అక్కడ తక్కువ, మిగతా చోట్ల ఎక్కువ. కూల్చేసిన గుడి కింద నుంచి ఇంకా మోస్తోందన్నమాట, అదీ సగమే.

1990లలో దీన్ని కాపాడిన పద్ధతి నాకు బాగా గుర్తుండిపోయింది. కుంగిన వైపుని పైకెత్తలేదు. ఎత్తుగా మిగిలిన వైపు కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తీసి, దాన్నీ నెమ్మదిగా దించారు. కుంగడం ఆగలేదు. కుంగేదేదో అంతా కలిసి కుంగేట్టు చూశారు, అంతే.

బెంచీ మీద నా పక్కన ఓ ముసలమ్మ జపమాల తిప్పుతోంది. అచ్చం నాయనమ్మలా, పూస పూసకీ పెదవి కదుపుతూ. హాస్టల్లో విన్న ప్రశ్న ఈవిడని అడగాలంటే ఎలా అడుగుతాను? పడగొట్టిన గుడీ ఈవిడ వాళ్ళదే కావచ్చు, ఈ గుడీ ఈవిడదే.

రాత్రి హోటల్ నుంచి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది.

"నాయనమ్మా, మనవాళ్ళు ఎవరి గుడైనా పగలగొట్టారా?"

"పగలగొట్టాలంటే ముందు లోపలికి రానియ్యాలి గదరా. మా అమ్మని మెట్టు కూడా ఎక్కనియ్యలా." కాసేపాగి, "అక్కడ మరియమ్మ ఎట్టా ఉందిరా?" అంది.

ఫొటో పంపించాను.

ఆవిడ జవాబు మా ఇంటికి సరిపోతుంది. ఆ రాళ్ళకి సరిపోదు. ఇక్కడ నా ఫ్రెండ్ అడిగిందే నిజం. అది ఒప్పుకుంటే నాయనమ్మ గుడి చిన్నదైపోతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. అవలేదు. వాడి నంబరు నా దగ్గర ఇంకా ఉంది. ఈసారి నవ్వేసి తప్పించుకోకుండా మాట్లాడాలి.