బండిలో సవర పాట వినాలంటే ఏ సెట్ కొనాలి?

డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసుంటే మోసపోవద్దు. అది ఒక్క క్షణానికి అందే గరిష్ఠం. 12 వోల్టుల బ్యాటరీ మీద, విడిగా ఆంప్లిఫయర్ లేకపోతే, సెట్ నిలకడగా ఇచ్చేది స్పీకరుకి 20 వాట్ల దగ్గర్లోనే. చిన్నక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఉంటాది, అదే చూడండి.

సీతంపేట నుంచి పాలకొండకి మనోళ్లని తిప్పే అన్న జీపుకి సెట్ చూడమంటే, మేం హాస్టల్ పిల్లలం నలుగురం వెళ్లాం. కొట్టులో సినిమా పాట పెట్టి బాస్ దడదడలాడించారు. మేం పట్టుకెళ్లిన పెన్‌డ్రైవులో అవ్వల సవర పాటలున్నాయి. మన భాషలో గొంతు టక్కున నొక్కి పలికే శబ్దాలుంటాయి కదా, బాస్ పెంచితే అవి డప్పు కింద మునిగిపోతాయి. మాట తెలీకపోతే అవ్వకి ఏటి వినిపిస్తాం? ఆ పలుకు కోసమే గిడుగు రామమూర్తి గారు మన కొండల్లో తిరిగారు. మలేరియాకి వేసుకున్న క్వినైన్ వల్ల ఆయన వినికిడే పోయిందంటారు. 1931లో సవర భాష పుస్తకం అచ్చయింది.

అదే పాట బ్లూటూత్‌లో ఒకసారి, యూఎస్‌బీలో ఒకసారి విన్నాం. బ్లూటూత్ పాటని కుదించి పంపుతాది, గొంతు పలచబడింది. అందుకని ఫ్లాక్ ఫైళ్లు చదివే యూఎస్‌బీ, నాలుగైదు మెట్లైనా ఉన్న ఈక్వలైజర్ చూసుకున్నాం. టైమ్ అలైన్‌మెంట్ అని ఇంకోటుంది. డ్రైవరుకి దగ్గరున్న స్పీకర్‌ని కొంచెం ఆలస్యం చేసి, రెండు పక్కల శబ్దం ఒకేసారి చెవికి చేరేలా చేస్తాది. పదిమంది కూచునే జీపులో దానికి డబ్బులు దండగ.

పెద్ద తెరది వద్దని చిన్న సెట్టే తెచ్చాం. మిగిలినదాంతో స్పీకర్లు మార్పించాం. తెర లేదని డ్రైవరన్నకి ఇంకా కోపమే.